తీపి బిళ్ళ వాడాలా, మానాలా: డబ్బా చేతిలో పట్టుకుని తేల్చుకునే పద్ధతి

షుగర్ ఉందని తేలిన మరునాడే చాలా ఇళ్లలో చక్కెర డబ్బా పై అరలోకి ఎక్కుతుంది. దాని స్థానంలో, చక్కెర లేకుండానే టీకి తీపినిచ్చే తీపి బిళ్ళల డబ్బా వస్తుంది. నెల తిరగకముందే ఎవరో ఒకరు ఫోనులో ఒక సందేశం పంపుతారు: ఆ బిళ్ళలతో క్యాన్సర్ వస్తుందట. దాంతో బిళ్ళలు మూలన పడతాయి, చక్కెర డబ్బా మళ్లీ కిందికి దిగుతుంది. నల్లగొండలో మందుల దుకాణంలో కూర్చునే నాకు ఈ రాకపోకలు రోజూ కనిపిస్తాయి. భయపడి బిళ్ళ మానేసినవాళ్లు తిరిగి రెండు చెంచాల చక్కెర టీకే వెళ్లిపోవడం చూస్తే బాధేస్తుంది. ఇంకో వైపు, బిళ్ళ ఉంది కదా అన్న ధైర్యంతో మిగతా తిండిని పట్టించుకోనివాళ్లూ ఉన్నారు.

ఈ రెండు దారులూ కాకుండా, ఇంట్లో కూర్చుని వరుసగా చేసుకోదగిన పనులు కింద రాస్తున్నాను. మందుల మోతాదు మార్చడం మాత్రం ఇందులో లేదు, అది మీ డాక్టర్ పని.

మొదటి పని: డబ్బా వెనక్కి తిప్పి పేరు చదవండి

"షుగర్ ఫ్రీ" అన్నది పదార్థం పేరు కాదు. అసలు పేరు వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేరు లేకపోతే ఐఎన్‌ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు అంతర్జాతీయంగా ఇచ్చే అంకెల పద్ధతి) అన్న మాట పక్కన ఒక అంకె ఉంటుంది. 950 అంటే ఎసిసల్ఫేమ్ పొటాషియం, 951 అంటే అస్పార్టేమ్, 954 అంటే సాక్రిన్, 955 అంటే సుక్రలోజ్, 960 అంటే స్టీవియా ఆకు నుంచి తీసిన తీపి. 420 సార్బిటాల్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్, 968 ఎరిథ్రిటాల్. ఈ చివరి నాలుగూ వేరే కుటుంబం, వాటి గుణం వేరు, వాటి మీద ఉన్న సందేహాలూ వేరు. ఈ అంకెలను ఒక కాగితం మీద రాసి వంటగదిలో అతికించుకోండి. సామాన్లు తెచ్చే పిల్లలు కూడా వారంలో నేర్చుకుంటారు.

అస్పార్టేమ్ చక్కెరకన్నా సుమారు 200 రెట్లు తియ్యగా ఉంటుంది, సాక్రిన్ 300 రెట్లకు పైగా, సుక్రలోజ్ 600 రెట్లు. కప్పు టీకి గోరంత కూడా అక్కర్లేదు. అంత తక్కువ పదార్థాన్ని చెంచాతో కొలవలేం కాబట్టి పొడి పాకెట్లలో మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా లాక్టోజ్ కలిపి పరిమాణం పెంచుతారు. మాల్టోడెక్స్‌ట్రిన్ పిండి పదార్థమే, అది రక్తంలో గ్లూకోజును పెంచుతుంది. టీలో వేసే ఒక చిన్న పాకెట్‌తో పెద్దగా తేడా రాదు. అదే పొడిని చెంచాల కొద్దీ పరమాన్నంలో పోస్తే లెక్కలోకి వస్తుంది. బిళ్ళల్లో ఈ కలుపు చాలా తక్కువ, కాబట్టి టీకి పొడికన్నా బిళ్ళ మేలని నా అభిప్రాయం.

ముందు వైపు పచ్చటి ఆకు బొమ్మ వేసిన స్టీవియా పాకెట్లను మరింత శ్రద్ధగా చదవండి. వాటిలో చాలావాటికి బరువు తెచ్చేది ఎరిథ్రిటాల్. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతున్నట్టు ప్రయోగశాలలోనూ చూశారు. మన శరీరం కూడా కొంత ఎరిథ్రిటాల్‌ను స్వయంగా తయారు చేసుకుంటుంది కనుక, తిన్నదే కారణమని ఆ ఒక్క అధ్యయనంతో చెప్పడానికి లేదు. అయినా స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చి కోలుకున్నవాళ్లు 968, అదే కుటుంబానికి చెందిన 967 అంకెలున్న పాకెట్లను పక్కన పెట్టడమే మంచిది. వేరే రకాలు దొరుకుతున్నప్పుడు ఆ సందేహాన్ని ఎందుకు మోయాలి?

రెండో పని: ఎవరి నోట్లోకి వెళుతుందో తేల్చండి

ఇంటిల్లిపాదికీ ఒకే సలహా పనికిరాదు.

షుగర్ ఉండి, ఇప్పటిదాకా చక్కెర టీ తాగుతున్నవారికి బిళ్ళ వల్ల ఉపయోగం ఉంది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు మన దేశపు షుగర్ రోగులు 179 మందిపై 12 వారాల పరీక్ష చేశారు. ఒక వర్గం టీ, కాఫీల్లో చక్కెర మానేసి సుక్రలోజ్ వాడింది, ఇంకో వర్గం చక్కెరతోనే కొనసాగింది. సుక్రలోజ్ వాడినవారిలో బరువు, నడుము చుట్టుకొలత కొద్దిగా తగ్గాయి. మూడు నెలల సగటు షుగర్‌లో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బిళ్ళ హాని చేయలేదు, అలాగని షుగర్‌ను అదుపులోకీ తేలేదు. ఈ ఒక్క ఫలితం మీకు గుర్తుంటే ప్రకటనలకూ లొంగరు, పుకార్లకూ బెదరరు.

షుగర్ లేదు, బరువు తగ్గాలని మాత్రమే వాడుతున్నారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో ఇచ్చిన సూచన మీ కోసమే. బరువు అదుపు కోసం చక్కెర లేని తీపి పదార్థాలను వాడవద్దని అది చెప్పింది. దీర్ఘకాలంలో వాటితో బరువు తగ్గుతున్న ఆధారం లేదు. ఏళ్ల తరబడి ఎక్కువగా వాడినవారిలో టైప్ 2 షుగర్, గుండె జబ్బులు కాస్త ఎక్కువగా కనిపించాయి. అయితే బరువు ఎక్కువ ఉన్నవారే, షుగర్ అంచున ఉన్నవారే ముందుగా బిళ్ళల వైపు వెళతారు. జబ్బుకు బిళ్ళ కారణమో, జబ్బు భయమే బిళ్ళకు కారణమో ఇలాంటి అధ్యయనాల్లో విడదీయడం కష్టం. అందుకే ఆ సంస్థ దీన్ని షరతులతో కూడిన సిఫారసుగానే ఇచ్చింది. ఇప్పటికే షుగర్ ఉన్నవారికి ఇది వర్తించదని కూడా స్పష్టంగా రాసింది. ఫోన్లలో తిరిగే సందేశాల్లో ఈ చివరి మాట ఎప్పుడూ ఉండదు.

పిల్లలకు వద్దు. అస్పార్టేమ్, సుక్రలోజ్ వంటివి ఉన్న డబ్బాల మీద పిల్లలకు సిఫారసు చేయడం లేదన్న హెచ్చరిక రాసి ఉంటుంది, వెతికి చూడండి. పిల్లల శరీర బరువు తక్కువ కాబట్టి వాళ్లకు పరిమితి తొందరగా వస్తుంది. పైగా తీపి రుచికి నాలుక అలవాటు పడే వయసు అదే. ఇంట్లో తాత కోసం తెచ్చిన డబ్బాను చాక్లెట్లలా చప్పరించే పిల్లలుంటారు, అందకుండా పెట్టండి.

గర్భిణులు సాక్రిన్ జోలికి పోవద్దు, అది మాయను దాటి బిడ్డకు చేరుతుంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు ఏ రకం, ఎంత అన్నది తమ డాక్టర్‌ను అడిగే వాడాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే అరుదైన పుట్టుకతో వచ్చే లోపం ఉన్నవారు అస్పార్టేమ్‌ను అసలు ముట్టకూడదు, డబ్బా మీద ఆ హెచ్చరిక కూడా ఉంటుంది.

మూడో పని: మీ బరువుతో లెక్క వేయండి

మోతాదు అంటే ఏమిటో మన జిల్లా వాళ్లకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఉన్న బోరునీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగాం. ఆ ఫ్లోరైడే కొద్ది మోతాదులో పళ్లను పుచ్చిపోకుండా కాపాడుతుంది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి, అలా ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరి మనిషిని కుంగదీస్తుంది. ఏ పదార్థం గురించి విన్నా "ఎంత? ఎన్నాళ్లు?" అని అడగడం మనకు అనుభవం నేర్పిన పాఠం. తీపి బిళ్ళ గురించి కూడా అదే అడగాలి.

అస్పార్టేమ్‌కు ఆహార సంకలనాల అంతర్జాతీయ నిపుణుల కమిటీ పెట్టిన పరిమితి రోజుకు కిలో శరీర బరువుకు 40 మిల్లీగ్రాములు. జీవితాంతం రోజూ తీసుకున్నా ఫర్వాలేదని లెక్కగట్టిన పరిమితి అది. మీ బరువు 60 కిలోలైతే రోజుకు 2400 మిల్లీగ్రాములు. మీ డబ్బా మీద ఒక బిళ్ళలో ఎంత ఉందో చూడండి. 18 మిల్లీగ్రాములని ఉంటే, పరిమితి చేరడానికి ఒకే రోజు 130కి పైగా బిళ్ళలు వేసుకోవాలి. టీకి రెండు బిళ్ళల చొప్పున ఆరు టీలు తాగేవారు కూడా అందులో పదో వంతుకు చేరరు. సుక్రలోజ్‌కు పరిమితి కిలోకు 15 మిల్లీగ్రాములు, సాక్రిన్‌కు 5. సాక్రిన్ పరిమితిని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2024లో 9కి పెంచింది. నేను పాత 5 లెక్కనే పాటించమంటాను, పిల్లలున్న ఇంట్లో మరీను.

ఇక క్యాన్సర్ మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన విభాగం 2023 జులైలో అస్పార్టేమ్‌ను "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి వర్గంలో చేర్చింది. మీ ఫోనుకు వచ్చిన సందేశం ఇక్కడి నుంచి పుట్టిందే. ఆ వర్గీకరణ ఆధారం ఎంత గట్టిదో చెబుతుంది, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. 2బి అంటే ఆధారం పరిమితంగా ఉందని అర్థం. అదే రోజు నిపుణుల కమిటీ తన 40 మిల్లీగ్రాముల పరిమితిని మార్చాల్సిన అవసరం లేదని ప్రకటించింది. 70 కిలోల మనిషి డైట్ కూల్‌డ్రింకు డబ్బాలు రోజుకు 9 నుంచి 14 దాకా తాగితే గానీ పరిమితి దాటదని లెక్క కూడా ఇచ్చారు.

అదే విభాగం తిరుగులేని ఆధారాలతో మొదటి వర్గంలో పెట్టినవి ఏమిటో తెలుసా? పొగాకు, వక్క, మద్యం. గుట్కా నములుతూ తీపి బిళ్ళకు భయపడుతున్న మనిషి మీ ఇంట్లో ఉంటే, ముందు మాన్పించాల్సింది గుట్కా. నోటి క్యాన్సర్‌తో దవడ తీయించుకున్నవాళ్లను చూసినవాడిగా ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

సాక్రిన్ మీద కూడా పాత భయం ఒకటుంది. దాన్ని 1879లో కనుగొన్నారు, కృత్రిమ తీపి పదార్థాల్లో అన్నిటికన్నా పాతది. ఎలుకల్లో మూత్రాశయ క్యాన్సర్ కనిపించిందని 1970లలో అమెరికాలో హెచ్చరిక ముద్రించారు. ఎలుకల మూత్రం తీరు వల్ల అలా జరిగిందని, మనుషుల్లో అలా జరగదని తేలాక 2000లో ఆ హెచ్చరిక తీసేశారు. సాక్రిన్‌తో నాకున్న ఇబ్బంది క్యాన్సర్ కాదు. అది మన ఊళ్లలో ఎలా వాడుతున్నారన్నది నా బాధ. దాని కోసం ఐదో పనిలో చాలా చెప్పాల్సి ఉంది.

నాలుగో పని: పొయ్యి మీద ఉండగా వేయకండి

అస్పార్టేమ్ మరిగితే తీపి పోతుంది. టీ వడపోసి, కప్పులో పోసుకున్నాక బిళ్ళ వేయండి. సుక్రలోజ్ మరిగే టీకి తట్టుకుంటుంది. 120 డిగ్రీలు దాటిన వేడిలో మాత్రం దాని నుంచి క్లోరిన్ కలిసిన హానికర పదార్థాలు పుట్టవచ్చని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్‌ఆర్ 2019లో హెచ్చరించింది. మరిగే నీరు 100 డిగ్రీలు, కాగే నూనె అంతకు చాలా ఎక్కువ. కాబట్టి గరిజలు, అరిసెల వంటి నూనెలో వేగే పిండి వంటల్లో, ఓవెన్లో కాల్చే కేకుల్లో సుక్రలోజ్ పొడి వేయకండి. పరమాన్నం చేస్తే దించి, కాస్త చల్లారాక కలపండి.

ఐదో పని: పేరు రాయని తీపిని కనిపెట్టండి

డబ్బాలో వచ్చే బిళ్ళకు పేరుంది, మోతాదుంది, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉంది. ఎండాకాలం బడి ముందు ఆగే బండిలో రంగు ఐసుకు ఇవేవీ లేవు. చెరువుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు జాతరల్లో అమ్మే రంగునీళ్లకు లేవు. రోడ్డు పక్కన గ్లాసులో పోసే చవక పానీయానికి లేవు. చక్కెర ఖరీదు, సాక్రిన్ చవక. చిటికెడు వేస్తే బిందె నీళ్లు తియ్యనవుతాయి. అందుకే అది అక్కడికి చేరుతుంది.

పిల్లవాడి లెక్క వేసి చూడండి. 15 కిలోల పిల్లవాడికి సాక్రిన్ పరిమితి రోజుకు 75 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు కూల్‌డ్రింకు అంత తీపి రావాలంటే 20 గ్రాముల చక్కెర పడుతుంది. దాన్ని పూర్తిగా సాక్రిన్‌తోనే తెస్తే సుమారు 65 మిల్లీగ్రాములు. అంటే ఒక్క గ్లాసుతో ఆ రోజు పరిమితి దాదాపు నిండిపోతుంది, రెండో గ్లాసుతో దాటిపోతుంది. పెద్దాయన రోజంతా టీలో వేసుకునే బిళ్ళల గురించి ఇంట్లో అంత చర్చ జరుగుతుంది. ఈ గ్లాసు గురించి ఎవరూ అడగరు. పైగా బండి మీద కలిపేవారికి మిల్లీగ్రాముల కొలత ఉండదు, చేతి అంచనాయే కొలత. ఆ నీళ్లు, ఆ రంగు ఎక్కడివో కూడా తెలియదు.

సాక్రిన్‌ను గుర్తు పట్టడానికి రెండు మార్గాలు చెబుతాను. మొదటిది నాలుక: మింగాక కూడా తీపి చాలాసేపు నిలిచి, చివర కాస్త చేదుగా, లోహపు రుచిగా తగిలితే అనుమానించండి. రెండోది వేళ్లు: ఒక చుక్క రెండు వేళ్ల మధ్య రాసి ఆరనివ్వండి. చక్కెర నీళ్లయితే జిగటగా అంటుకుంటాయి. అంత తీపి ఉండి వేళ్లు జిగట పట్టకపోతే అది చక్కెర కాదు. ఇవి ప్రయోగశాల పరీక్షలు కావు, కానీ పిల్లవాడి చేతిలో గ్లాసు ఉంచాలా తీసుకోవాలా అన్నది తేల్చడానికి చాలు. అనుమానం గట్టిపడితే ఆహార భద్రతా అధికారికి చెప్పండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అనే యాప్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు.

మన ప్రాంతం గురించి రాస్తూ కల్లు మాట ఎత్తకపోతే తప్పు. చెట్టు నుంచి దించిన తాటి కల్లు, ఈత కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ పులుస్తుంది. సాయంత్రానికి కూడా తియ్యగానే ఉండే కల్లు చెట్టు నుంచి వచ్చింది కాదని అనుమానించండి. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో పట్టుబడిన కల్తీ కల్లులో తీపి కోసం సాక్రిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజోఫామ్, అల్ప్రజోలం వాడుతున్న సంగతి పత్రికలు చదివేవారికి కొత్త కాదు. అక్కడ సాక్రిన్ పని ఒక్కటే, ఆ మందుల చేదును కప్పిపెట్టడం. ప్రాణం తీసేది సాక్రిన్ కాదు, దాని వెనక దాక్కున్న మత్తుమందు. అలాంటి కల్లుకు ఏళ్లుగా అలవాటు పడ్డ మనిషిని ఇంట్లో కట్టడి చేసి ఒక్కసారిగా మాన్పించవద్దు. ఫిట్స్ రావచ్చు, పిచ్చి పట్టినట్టు ప్రవర్తించవచ్చు. ముందు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, వైద్యుల పర్యవేక్షణలో మెల్లగా మాన్పిస్తారు. షుగర్ ఉన్నవారు స్వచ్ఛమైన కల్లు, నీరా కూడా చక్కెర లెక్కలోనే చూసుకోవాలి.

ఆరో పని: టీలో తీపిని మెల్లగా దించండి

పొలానికి వెళ్లే ముందు ఒకటి, వచ్చాక ఒకటి, ఎవరైనా ఇంటికొస్తే ఒకటి, వాళ్లింటికి వెళితే ఒకటి. ఇలా రోజుకు ఐదారు టీలు అవుతాయి. ఒక్కోదానికి రెండు చెంచాల చక్కెర అంటే మొత్తం 50, 60 గ్రాముల వరకూ చేరుతుంది. అదనంగా తీసుకునే చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. టీ ఒక్కటే దానికి రెట్టింపు.

బిళ్ళను శాశ్వతంగా చక్కెర స్థానంలో కూర్చోబెట్టే బదులు దారిలో మజిలీగా వాడండి. మొదటి వారం కప్పుకు రెండు చెంచాలను ఒకటిన్నర చేయండి. రెండో వారం ఒకటి. మూడో వారం అర చెంచా చక్కెర, చాలదనిపిస్తే ఒక బిళ్ళ. నాలుగో వారం చక్కెర తీసేసి బిళ్ళ ఒకటే ఉంచండి. తర్వాత రోజుకు ఒక టీని బిళ్ళ కూడా లేకుండా తాగండి, అల్లం గానీ ఏలకులు గానీ దంచి వేస్తే ఆ లోటు అంతగా తెలియదు. ఇప్పటికే షుగర్ ఎక్కువగా ఉన్నవారు ఇన్ని వారాలు ఆగవద్దు. చక్కెర ఈ రోజే మానేసి బిళ్ళను మెల్లగా తగ్గించుకోండి. కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది, అప్పుడు పాత టీ తాగితే పాకంలా తగులుతుంది.

చిక్కంతా చుట్టాలిళ్లలో. "మాకు చక్కెర లేకుండా పెట్టండి వదినా" అని టీ పొయ్యి మీద పెట్టకముందే చెప్పండి. కప్పు చేతికొచ్చాక చెబితే వాళ్లు నొచ్చుకుంటారు, మీరు మొహమాటానికి తాగేస్తారు.

ఏడో పని: బెల్లం, తేనె, షుగర్ ఫ్రీ మిఠాయిలను ఒకే వరుసలో నిలబెట్టండి

బిళ్ళకు భయపడి బెల్లానికి మారినవాళ్లు చాలామంది. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. తాటి బెల్లం, తేనె కూడా అంతే. వాటిలో ఉండే కొద్దిపాటి ఇనుము కోసం అంత చక్కెర తినడం షుగర్ ఉన్నవారికి నష్టపు బేరం.

షుగర్ ఫ్రీ అని అమ్మే లడ్డూ, బర్ఫీల్లో చక్కెర లేకపోవచ్చు. శనగపిండి, కోవా, నెయ్యి ఎక్కడికీ పోవు. వాటిలో సార్బిటాల్, మాల్టిటాల్ ఉంటే మరో సంగతి కూడా గుర్తుంచుకోండి. మాల్టిటాల్ చక్కెర అంత కాకపోయినా గ్లూకోజును పెంచుతుంది. ఈ రెండూ ఎక్కువ తింటే కడుపు ఉబ్బి విరేచనాలు అవుతాయి. పెళ్లిలో షుగర్ ఫ్రీ అని నాలుగు ముక్కలు తిని రాత్రంతా ఇబ్బంది పడేవారికి కారణం వంట పాడవడం కాకపోవచ్చు.

సద్దుల బతుకమ్మ నాడు మలీద, నువ్వుల సద్ది చేస్తారు కదా. వాటిని తీపి పొడితో చేసి గిన్నెడు తినే బదులు, అసలు బెల్లంతో చేసినదే నిమ్మకాయంత ముద్ద తినండి. ఆ పూట అన్నం తగ్గించండి. పండుగ రుచి దక్కుతుంది, లెక్కా తప్పదు.

పండ్లను తీపి బిళ్ళల చర్చలోకి లాగి మానేయకండి. నల్లగొండ బత్తాయిని రసం తీయకుండా తొనలు వలుచుకుని తినండి. బాలానగర్ సీతాఫలం చాలా తీపి కాబట్టి చిన్నది ఒకటి, అదీ భోజనం వెంటనే కాకుండా. కొల్లాపూర్ మామిడి కాలంలో రెండు ముక్కలతో ఆగగలిగితే తినండి, ఆగలేనివారు మొదలు పెట్టవద్దు.

ఎనిమిదో పని: అన్నం గిన్నె వైపు చూడండి, తర్వాత యంత్రంతో కొలవండి

రెండు చెంచాల చక్కెర టీలో 10 గ్రాముల చక్కెర ఉంటుంది. 300 గ్రాముల అన్నంలో 80 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది, అరిగాక అదంతా గ్లూకోజే. పళ్లెం నిండా పెట్టుకుని, మారు వడ్డించుకునే మన భోజనంలో 300 గ్రాములు దాటడం ఎంత తేలిక! టీలో బిళ్ళ వేసుకున్నా షుగర్ దిగడం లేదని వచ్చేవారిని నేను ముందుగా అడిగేది అన్నం గురించే. జొన్న రొట్టె తింటే షుగర్ పెరగదన్నదీ పొరపాటే. 50 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో 33 గ్రాములకు పైగా పిండి పదార్థం ఉంటుంది. పీచు ఎక్కువ, కడుపు నిండినట్టుంటుంది, అది మేలే. కానీ రొట్టెల లెక్క ఉండాలి. ఒకటి రొట్టె, గిన్నెడు పప్పు, ఆకుకూర, పక్కన ఉడికించిన గుడాలు పెట్టుకుంటే పూట గడుస్తుంది.

మీ ఒంటికి బిళ్ళ ఎలా పడుతోందో తెలుసుకోవాలంటే గ్లూకోమీటర్ ఉన్నవారు ఇలా చేయండి. ఒక ఉదయం పరగడుపున కొలిచి, బిళ్ళ వేసిన టీ మాత్రమే తాగి, రెండు గంటలకు మళ్లీ కొలవండి. ఇంకో ఉదయం అదే టీ ఏ తీపీ లేకుండా తాగి కొలవండి. పాల పరిమాణం రెండు రోజులూ ఒకటే ఉండాలి. ఇది ఎందుకంటే, సాక్రిన్, సుక్రలోజ్ కొందరిలో పేగుల్లోని సూక్ష్మజీవులను మార్చి గ్లూకోజు స్పందనను మారుస్తున్నట్టు ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు 2022లో 120 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో చూశారు. ఆ మార్పు అందరిలో ఒకేలా రాలేదు. ఒక్కసారి కొలిస్తే సరిపోదు, వేర్వేరు వారాల్లో మళ్లీ చూడండి. అంకెలు తేదీలతో రాసుకుని డాక్టర్‌కు చూపించండి. ఇన్సులిన్ వేసుకునేవారు ఈ పరీక్ష కోసం టిఫిన్ ఆలస్యం చేయవద్దు, ముందే డాక్టర్‌ను అడగండి.

తొమ్మిదో పని: ఇంట్లో నుంచి చక్కెరను పూర్తిగా వెళ్లగొట్టకండి

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఒక్కోసారి గ్లూకోజు బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబాటు, కారణం లేని కోపం, ఇవి కనిపిస్తే కొలవండి. 70 కన్నా తక్కువ ఉంటే, లేదా కొలిచే వీలు లేకపోతే, వెంటనే మూడు చెంచాల అసలు చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. తీపి బిళ్ళ, డైట్ కూల్‌డ్రింకు ఆ సమయంలో ఎందుకూ పనికిరావు, వాటిలో గ్లూకోజు లేదు. కంగారులో రెండు డబ్బాలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చక్కెర డబ్బాను వేరే రంగులో, అందరికీ తెలిసిన చోట ఉంచండి.

వోగ్లిబోస్ లేదా అకార్బోస్ అనే మాత్ర వాడుతున్నారేమో మీ మందుల చీటీలో చూడండి. ఆ మాత్రలు చక్కెర అరిగి గ్లూకోజుగా మారకుండా అడ్డుకుంటాయి, అందుకే వీరికి చక్కెర త్వరగా పనిచేయదు, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. ఒక పాకెట్ ఇంట్లో, ఒకటి ప్రయాణపు సంచిలో పెట్టుకోండి. పొలం దూరమైతే అక్కడికి కూడా వెంట తీసుకెళ్లండి.

విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఇదే సంగతి. షుగర్ ఉంది కదా అని ఉప్పు నీళ్లలో తీపి బిళ్ళ వేసి తాగించేవారున్నారు. ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు రుచి కోసం పెట్టింది కాదు, అది ఉంటేనే పేగు ఉప్పును, నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంతో తయారైన పాకెట్‌ను చెప్పిన కొలతకు నీళ్లలో కలిపి తాగించండి, షుగర్ ఉన్నవారికి కూడా.

గ్లూకోజు పడిపోయిన సంగతికే మళ్లీ వస్తే, చక్కెర నీళ్లు తాగించాక పావుగంట ఆగి మళ్లీ కొలవండి. ఇంకా 70 దాటకపోతే మరోసారి అంతే ఇవ్వండి. దాటితే వెంటనే కొద్దిగా అన్నమో రొట్టో తినిపించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. వాడుతున్న మందుల చీటీ తీసి దగ్గర పెట్టుకోండి, వచ్చినవాళ్లు మొదట అడిగేది అదే.